చేపపిల్లకు మోకాలి లోతు చాలు

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ చేపల బజార్లలో అడుగు పెట్టే సందుండదు. ముషీరాబాద్, రాంనగర్ మార్కెట్లలో తెల్లారకముందే బేరాలు మొదలవుతాయి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం వేలమంది వరుసల్లో నిలబడతారు. ఒక్కొక్కరి చేతిలో నీళ్లు పోసిన ప్లాస్టిక్ సంచి, అందులో వేలెడంత కొర్రమీను పిల్ల. ఆ ప్రసాదం ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అయితే ఆ చర్చ ఇప్పుడు నా విషయం కాదు. బతికున్న చేపపిల్లను నగరవాసి అంత దగ్గరగా చూసే సందర్భం ఏడాదిలో అదొక్కటే కావచ్చు గనుక, అక్కడి నుంచే ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. చెరువులో పుట్టిన పిల్ల వేలెడంత అయ్యేదాకా ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎవరి కంట పడకుండా ఎక్కడ దాక్కుంటుంది? హయత్‌నగర్ బాతుల చెరువు, మన్సూరాబాద్ పెద్ద చెరువు, సరూర్‌నగర్ చెరువు... వీటి బాగోగుల మాట వచ్చినప్పుడల్లా మురుగు గురించి, ఆక్రమణల గురించి, పూడిక గురించి, వాకింగ్ ట్రాక్ గురించి మాట్లాడుకుంటాం. చేపపిల్ల ఎక్కడ పెరగాలన్నది మాత్రం ఎవరూ అడగరు. అడిగి ఉంటే చెరువు అంచుల్ని ఇంత తేలిగ్గా రాళ్లతో కప్పేసేవాళ్లం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనునే తీసుకుందాం. పల్లెల్లో కొర్రమట్ట అని కూడా అంటారు. వానలు పడి చెరువులోకి కొత్త నీళ్లు చేరాక, ఆడ మగ జంటగా లోతు వదిలి అంచుకు వస్తాయి. తుంగ, జమ్ము ఒత్తుగా పెరిగిన చోటు చూసుకుని, ఆ మొక్కల్ని పక్కకు నెట్టి మధ్యలో గుండ్రంగా కొంత జాగా ఖాళీ చేసుకుంటాయి. గుడ్డులో నూనె బొట్టు ఉంటుంది కాబట్టి గుడ్లు అడుక్కి పోవు. ఆ ఖాళీలో నీటి మీద పలుచని పసుపు పొరగా తేలుతూ ఉంటాయి. గాలికి చెదిరి కొట్టుకుపోకుండా చుట్టూ ఉన్న తుంగే వాటికి కంచె. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. కొన్నాళ్లకు పిల్లలు నారింజ ఎరుపు రంగు తిరిగి, వందలు వేలుగా ఒకే మంద కట్టి తిరుగుతాయి. ఆ మంద గాలి కోసం ఒక్కసారిగా పైకి వచ్చినప్పుడు, నీటి మీద ఆ కాస్త మేర మాత్రమే జల్లు పడుతున్నట్టు కదులుతుంది. మంద అడుగున తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా, ఇంకో చేప వచ్చినా మీదపడి తరుముతాయి. పిల్లలు మొదట నీటిలోని సూక్ష్మజీవుల్ని, తర్వాత పురుగుల్ని, దోమ పిల్లల్ని తింటాయి. ఇంకాస్త పెరిగాక చిన్న చేపల్ని, కప్పపిల్లల్ని వేటాడతాయి. ఎండ అడుగుదాకా దిగే పలుచటి నీళ్లలో, మునిగిన గడ్డి మెల్లగా కుళ్లే చోట ఆ సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి. చెరువు నడిబొడ్డున లోతు నీళ్లలో పిల్లకు అంత తిండి దొరకదు. పైగా అక్కడ తిరిగే వాలుగ లాంటి వేట చేపలకు ఆ పిల్లే తిండి. పెద్ద చేపకు ఎండాకాలం గడవడానికి లోతు కావాలి, పిల్లకు మొదటి నెల గడవడానికి మోకాలి లోతు కావాలి. ఒకే చేప, ఒకే చెరువు, కానీ బతికేందుకు రెండు వేర్వేరు చోట్లు.

దక్కన్‌లో చెరువులు కట్టిన తీరు ఈ రెండో చోటును దానంతట అదే సమకూర్చింది. పాత చెరువుకు కట్ట ఒక్క పక్కనే ఉంటుంది, నీరు వాలే వైపు. మిగతా పక్కలా నేల పొలాల్లోకి, మిట్టల్లోకి మెల్లగా ఎక్కుతూ పోతుంది. ఆ వాలు నేలే శిఖం. ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. నేల వంద అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతోందనుకుందాం. వానకు చెరువులో నీటిమట్టం ఒక్క అడుగు పెరిగితే, అంచున వంద అడుగుల వెడల్పున కొత్తగా నీరు పరుచుకుంటుంది. అప్పటిదాకా ఎండలో కాగిన ఆ నేల మీది గడ్డి, పశువుల పేడ, పురుగూ పుట్రా అన్నీ నీటిలో నాని చేపపిల్లలకు తిండిని పుట్టిస్తాయి. అదే చెరువుకు చుట్టూ కట్ట పోసి, రెండడుగులకు ఒక అడుగు చొప్పున నిటారుగా రాతి రివిట్‌మెంట్ కట్టారనుకుందాం. అప్పుడు నీరు అడుగు పెరిగితే అంచున కొత్తగా తడిసేది రెండడుగులు, అదీ రాయి. చెరువులో నీళ్లు అన్నే ఉన్నాయి. చూడటానికి ఇంకా అందంగా, నిండుగా కూడా ఉంది. పిల్లలు పెరిగే చోటు మాత్రం యాభయ్యో వంతుకు పడిపోయింది. నగరంలో సుందరీకరణ పేరుతో జరిగే పనుల్లో ఎక్కువ భాగం ఈ లెక్కలో ఓడిపోతుంది. మురుగును మళ్లించడం, చెత్త తీయించడం మంచి పనులే. కట్ట అన్ని పక్కలా ఉండి తీరాలనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

పిల్లకూ పెద్ద చేపకూ వేర్వేరు చోట్లు కావాలన్న విషయాన్ని బాగా తరచి చూసినవాళ్లు సాల్మన్ చేపల మీద పనిచేసినవాళ్లు. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో సాల్మన్ సముద్రంలో పెరిగి, తాను పుట్టిన ఏటికే తిరిగి వచ్చి గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. మనకు తెలిసినవాటిలో దానికి దగ్గరి పోలిక పులస. అదీ సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీది వస్తుంది, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. సాల్మన్‌లలో కోహో అనే రకం పిల్లలు సముద్రానికి దిగేముందు ఏడాదో, అంతకంటే ఎక్కువో మంచినీటి వాగుల్లోనే గడుపుతాయి. గులకరాళ్ల నుంచి పైకి వచ్చిన పిల్ల నడిప్రవాహంలోకి పోదు. ఒడ్డు వారగా నీరు నెమ్మదిగా కదిలే చోట, చెట్ల వేళ్ల కింద, పడిన మానుల వెనక నిలబడుతుంది. పెరిగేకొద్దీ లోతుకు, వడికి అలవాటు పడుతుంది. చలికాలం వరదలు వచ్చినప్పుడు అసలు ఏరునే వదిలి పక్క పాయల్లోకి, మడుగుల్లోకి, బీవర్ అనే జంతువులు కట్టిన గుంటల్లోకి వెళ్లి తలదాచుకుంటుంది. ఇది తెలియక ముందు అక్కడి అధికారులు కూడా పొరపాటు పడ్డారు. 1950ల నుంచి 1970ల దాకా వాగుల్లో పడిన మానులు చేపల దారికి అడ్డమని, నీరు శుభ్రంగా పారాలని పనిగట్టుకుని తొలగించారు. వాగులు చూడముచ్చటగా తయారయ్యాయి, పిల్లలకు నీడ మాత్రం పోయింది. ఆ తర్వాత చాలా డబ్బు పోసి అవే మానుల్ని తెచ్చి వాగుల్లో పడేయించవలసి వచ్చింది, ఆ పని ఇప్పటికీ సాగుతోంది. కాలిఫోర్నియాలో శాక్రమెంటో నది పక్కన వరద నీటిని మళ్లించడానికి యోలో బైపాస్ అనే విశాలమైన పల్లపు నేల ఉంది. నదిలోనే ఉండిపోయిన చినూక్ సాల్మన్ పిల్లల కంటే, వరదతో పాటు ఆ పల్లంలోకి చేరిన పిల్లలు వేగంగా పెరుగుతున్నాయని 2001లో అచ్చయిన పరిశోధన చూపింది. పలుచటి నీరు, వెచ్చదనం, ఎక్కువ తిండి, ఇవే కారణాలు. ఆ తర్వాత పదేళ్లకు అక్కడి రైతులు, శాస్త్రవేత్తలు కలిసి కోత అయిపోయిన వరి మడుల్లో నీళ్లు నిలబెట్టి సాల్మన్ పిల్లల్ని వదిలి చూశారు. వరి కొయ్యకాళ్ల మధ్య అవి బాగా పుష్టిగా ఎదిగాయి. వరి మడిలో చేపపిల్ల తిరగడం మన చెరువు కింది రైతుకు కొత్త సంగతేమీ కాదు.

చల్లటి నీటి సాల్మన్‌కూ, గాలి పీల్చి బతికే కొర్రమీనుకూ పోలికేమిటని అడగవచ్చు. వాటి వంశాలు వేరు, శరీర ధర్మాలు వేరు, అలవాట్లు వేరు. సాల్మన్ వాగుకు పనికొచ్చిన కొలతలు ఇక్కడ పనికిరావు, మన చెరువులో మానులు పడేయమని ఎవరూ చెప్పడం లేదు. అయితే వేర్వేరు ఖండాల్లో, వేర్వేరు నీళ్లలో, ఒకదానికొకటి సంబంధం లేని చేపలు చిన్నతనంలో ఒకే రకమైన చోటును వెతుక్కుంటున్నాయంటే, దానికి మూలం చేప జాతిలో కాక పిల్ల పరిమాణంలో ఉండాలి. అంగుళం పొడవు జీవి ఏదైనా సరే, వడికి నిలవలేదు, పెద్ద నోటి నుంచి తప్పించుకోలేదు, చాలా చిన్న తిండే తినగలదు. ఈ మూడు అవసరాలూ ఒకేచోట తీరేది పలుచటి అంచు నీటిలోనే. అందుకే పరిగెల పిల్లలూ, జెల్లల పిల్లలూ, మట్టగిడసల పిల్లలూ అక్కడే కనిపిస్తాయి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. చెరువులో పిల్లలు పుట్టకపోతేనేం, ప్రభుత్వం ఏటా చేపపిల్లల్ని తెచ్చి వదులుతోంది కదా అంటారు. నిజమే. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలీకున్హి కలిసి మన పెద్ద జాతి చేపలకు పిట్యూటరీ రసం ఎక్కించి గుడ్లు పెట్టించడంలో విజయం సాధించకపోతే, ఈ దేశంలో చేపల పెంపకం ఇంతగా విస్తరించేది కాదు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేప రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బొచ్చె, రవ్వ, మోసు నిలవ నీటి చెరువులో మామూలుగా గుడ్లు పెట్టవు, వాటికి పారే నది, వరద కావాలి. కనుక చెరువుల్లో వాటిని బయటి నుంచి తెచ్చి వదలక తప్పదు. తెలంగాణలో 2016 నుంచి సాగుతున్న ఉచిత చేపపిల్లల పంపిణీ మత్స్యకార సంఘాలకు ఆసరా అయింది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ పథకంలోనే ఒక ఆనవాలు ఉంది. కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లల్ని, ఏడాదంతా నీళ్లుండే వాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లల్ని ఇస్తారు. ఏడాదంతా నీళ్లుండే చోట వేటాడే చేపలూ ఎక్కువే కాబట్టి, చిన్న పిల్లను అక్కడ వదిలితే దక్కదన్నది ఆ ఏర్పాటులోనే ఒప్పుకోలుగా ఉంది. అంటే వదిలిన పిల్ల బతకడానికి కూడా దాక్కునే చోటు అవసరమే. బంగారుతీగ అయితే చెరువులోనే గుడ్లు పెడుతుంది. దాని గుడ్లు జిగురుగా ఉండి నీటి మొక్కలకు అతుక్కుంటాయి. అంచున మొక్క లేకపోతే ఆ గుడ్లు అతుక్కునేదెక్కడ? ఇక కొర్రమీను సంగతికి వస్తే, దాని పిల్లల్ని తొట్లలో పెంచడం ఇప్పటికీ కష్టమే, ఆకలేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే కొర్రమీను పెంపకందారులు చాలాకాలం చెరువుల్లో దొరికే పిల్లల మీదే ఆధారపడ్డారు. మార్కెట్లో అన్నిటికంటే ఎక్కువ ధర పలికే చేపల్లో ఒకటి, రాష్ట్ర చేప అని పేరున్నది, చెరువు అంచును నమ్ముకునే బతుకుతోంది.

కొర్రమీను మొండి చేప, ఎలాంటి నీళ్లలోనైనా బతుకుతుంది, దానికి ఈ ముద్దు చేయడమెందుకు అన్నది ఇంకో మాట. పెద్ద కొర్రమీను విషయంలో అది నిజం. నీటిలో ప్రాణవాయువు అయిపోయినా పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది, చెరువు ఎండితే బురదలో కూరుకుని వానల దాకా నిలుస్తుంది, తడి నేల మీద పాకి పక్క గుంటలోకి పోగలదు. 2017 అక్టోబర్‌లో పటాన్‌చెరు దగ్గర గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుతెప్పలుగా చచ్చి తేలినట్టు, నగరం చుట్టుపక్కల చెరువుల్లో చేపలు చచ్చే వార్తలు తరచూ వింటూనే ఉన్నాం. అలాంటి దెబ్బల్ని ఓర్చుకోగల చేపల్లో కొర్రమీను ముందుంటుంది. కానీ ఆ గాలి పీల్చే అవయవం పిల్లకు పుట్టుకతో సిద్ధంగా ఉండదు. మొదటి రోజుల్లో అది ఏ చేపలాగైనా నీటిలో కరిగిన ప్రాణవాయువు మీదే బతకాలి. మొండితనం పెద్దయ్యాక వచ్చేది. మురుగు చేరిన, అంచు కొట్టేసిన చెరువులో నాలుగు పెద్ద కొర్రమీన్లు వలలో పడ్డాయని సంతోషిస్తే, ఆ చెరువులో వాటి తర్వాతి తరం ఉందో లేదో చూడకుండానే తీర్పు చెప్పినట్టవుతుంది. అలాంటి చెరువుల్లో చివరికి నిలదొక్కుకునే చేప ఏదో గమనిస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా అడుగున గుంట చేసి గుడ్లు పెట్టినా, వెంటనే తల్లి వాటిని నోట్లోకి తీసుకుంటుంది. పిల్లలు కూడా కొన్నాళ్లు ప్రమాదం వస్తే ఆ నోట్లోకే దూరతాయి. పిల్లల్ని దాచుకోవడానికి దానికి తుంగతో పనిలేదు. అంచులు పోయిన కొద్దీ లాభపడేది ఇలాంటి చేపే, నష్టపోయేది మన నేల చేపలు.

కాలనీవాసుల నుంచి వచ్చే అభ్యంతరం దోమలు. అంచున గడ్డి వదిలేస్తే దోమలు పెరుగుతాయని భయపడతారు. మలేరియాను దోమలు మోస్తాయని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, కనుక ఈ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు ఈ ఊళ్లో ఎవరికీ లేదు. కానీ ఏ గడ్డి అన్నది చూడాలి. మురుగులోని ఎరువు తిని నీటి మీద చాపగా కమ్ముకునే గుర్రపుడెక్క వేరు, అంచున నేలలో వేళ్లూనుకుని నిలబడే తుంగ, జమ్ము వేరు. గుర్రపుడెక్క ఎండను, గాలిని అడ్డుకుని కింది నీటిని చంపుతుంది. చేప తిరగలేని ఆ నీడలోనే దోమ గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతుంది. దాన్ని తీసేయాల్సిందే. చేపపిల్లలు తిరిగే పలుచటి నీటిలో దోమపిల్ల వాటికి మొదటి ఆహారాల్లో ఒకటి. దోమల కోసమని 1928లో బయటి దేశం నుంచి తెప్పించిన గంబూసియా చేపను ఇప్పటికీ నీటి గుంటల్లో వదులుతున్నారు, అది నేల చేపల గుడ్లను, పిల్లలనూ తింటుందని తెలిసి కూడా. ఇక్కడి పరిగెలు, కొర్రమీను పిల్లలు ఉచితంగా చేసే పనిని చెడగొట్టుకుని, పరాయి చేపకు ఆ పని అప్పగించడం నాకు బాధ కలిగించే విషయం.

అంచు ఒక్కటే ఉంటే సరిపోదు, దారి కూడా ఉండాలి. తొలి వానలకు చెరువు మత్తడి దుంకినప్పుడు చేపలు ఎదురెక్కుతాయని ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కింది చెరువు చేప పై చెరువుకు, చెరువు చేప వాగుకు, వాగు చేప పొలానికి వెళ్లేది ఆ కొన్ని రోజుల్లోనే. గొలుసుకట్టు చెరువుల వ్యవస్థ నీటి కోసం కట్టినదే అయినా, చేపలకు అది రాకపోకల దారి అయింది. ఒక ఏడు ఒక చెరువు ఎండినా, మురుగుతో చచ్చినా, పక్క చెరువు నుంచి చేప మళ్లీ వచ్చి చేరేది. తూర్పు హైదరాబాద్‌లో ఈ గొలుసు చివర మూసీ ఉంది. నదికి అడ్డంగా కట్టిన పాత కత్వలు ఎత్తు తక్కువవి, పెద్ద వరదలో మునిగి చేపకు దారి ఇచ్చేవి. ఇప్పుడు చెరువుకూ చెరువుకూ మధ్య ఉన్నది చాలాచోట్ల కాంక్రీటు నాలా, లేదా రోడ్డు కింద పైపు. అందులో నీరు పోతుంది, అదీ మురుగుతో కలిసి, కానీ చేప ఎదురెక్కలేదు. దారి తెరిస్తే చేప తిరిగి వస్తుందా అని సందేహించేవారికి క్లామత్ నది కథ చెప్పవచ్చు. అమెరికాలో ఆ నది మీది నాలుగు ఆనకట్టల్ని 2024లో తొలగించడం పూర్తయిన కొద్ది రోజులకే, వందేళ్లకు పైగా మూసుకుపోయిన ఎగువ నీళ్లలోకి సాల్మన్ ఎక్కి వచ్చింది. మన నాలాల్లో అంత పెద్ద పని అక్కర్లేదు. పైపు నోరు కాలువ అడుగుకు సమానంగా ఉంటే, మత్తడి దిగువన నిలువు గోడ బదులు గరుకు రాళ్ల వాలు ఉంటే, మన చేపలు చాలావరకు వాటంతట అవే దారి చూసుకుంటాయి. మురుగు ఆపనిదే దారి తెరిచి లాభం లేదన్నదీ నిజమే, రెండు పనులూ కలిసి సాగాలి.

చివరికి అసలు అడ్డంకి భూమి. హయత్‌నగర్‌లో గజం ధర తెలిసినవాడు ఎండాకాలంలో పగుళ్లు తేలిన శిఖం నేలను చూస్తే ఖాళీ స్థలం అనుకుంటాడే తప్ప, చేపలు పెరిగే చోటు అనుకోడు. చట్టం కొంత రక్షణ ఇస్తోంది. పూర్తి నీటిమట్టం హద్దు దాటాక, ఇరవై అయిదు ఎకరాలకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జూలైలో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఈ హద్దుల మాట వీధుల్లోకి కూడా వచ్చింది. కానీ నిబంధన దూరాన్ని కొలుస్తుంది, వాలును కొలవదు. హద్దు రాళ్లు సరిగ్గానే ఉండి, లోపల నిటారు గోడ కట్టిన చెరువు కాగితం మీద కాపాడినట్టే లెక్క. 2020 అక్టోబర్ 13న కుండపోత కురిసినప్పుడు హయత్‌నగర్, సరూర్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద నీరు వెతుక్కున్నది శిఖం లాంటి పల్లపు నేలనే, చేపపిల్లకు కావలసినదీ ఆ నేలే. చేప కోసం నేల వదలమంటే వినని చోట వరద కోసమైనా వింటారేమో. ఏ కారణంతో వదిలినా చేపకు తేడా ఉండదు. నడిచేందుకు ట్రాక్ కావాలనుకునే కాలనీలు కట్ట వైపూ, రోడ్డు వైపూ వేసుకోవచ్చు. నీరు వచ్చి చేరే వైపు, అంటే పాత శిఖం మిగిలిన పక్కన, గోడ లేకుండా వాలుగా వదిలేస్తే చాలు. పూడిక తీసేవాళ్లు నడుమ లోతు చేసి, ఆ పక్క అంచును ముట్టుకోకుండా ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అంచున గడ్డి కొట్టడం ఆపాలి. ఎర్ర మంద కింద కాపలా ఉన్న కొర్రమీను జంటను పట్టకూడదని మత్స్యకార సంఘాలు తీర్మానం చేసుకోవచ్చు, ఆ జంటను పడితే మంద మొత్తం పోతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక చెరువు బాగుపడిందా లేదా అని చూసేందుకు వచ్చే అధికారి నీటి నమూనా సీసాతో పాటు సన్నకన్ను వల ఒకటి తెచ్చుకుని, ఆగస్టులో ఆ వాలు అంచున ఒకసారి లాగి చూడాలి. అందులో అంగుళం పిల్లలు ఎన్ని రకాలవి పడ్డాయో రాసుకుని, మరుసటి ఏడు అదే చోట మళ్లీ లాగి పోల్చాలి.